బ్యాంకు షేరు 200 రోజుల సగటుకి 15 శాతం కింద ఉంది, చవకనుకోవచ్చా?

మర్రిపాలెం మదుపు | శనివారం ఉదయం 9:12

ఒక ప్రైవేటు బ్యాంకు షేరు. పేరు రాయను, ఇక్కడ కొను-అమ్ము సలహాలు వద్దని నియమం ఉంది కదా. శుక్రవారం క్లోజ్ 640. షీటులో వేసుకున్న 200 రోజుల సగటు, అంటే గత 200 ట్రేడింగ్ రోజుల క్లోజ్ ధరల సగటు, 752. 50 రోజుల సగటు 690. తాజా బుక్ వేల్యూ (ఒక్కో షేరుకి వచ్చే బ్యాంకు నికర విలువ) 480, ఏడాది కిందట 430.

అడగాల్సినవి మూడు. సగటుకి 15 శాతం కింద దొరుకుతోందంటే చవకేనా? సింపుల్ సగటు (ఎస్‌ఎంఏ) వాడాలా, కొత్త ధరలకి ఎక్కువ బరువిచ్చే ఎక్స్‌పొనెన్షియల్ సగటా (ఈఎంఏ)? నా షీటులో 752 వస్తే బ్రోకర్ యాప్‌లో అదే 200 గీత 741 చూపిస్తోంది, తేడా ఎక్కడ కొట్టింది?

లాసన్స్‌బే లెక్కలు | 9:40

మూడోది ముందు చూద్దాం. యాప్‌లో ఆ గీత సెట్టింగ్ తెరవండి, ఈఎంఏ అని ఉండొచ్చు. నెలల తరబడి పడుతున్న షేరులో ఈఎంఏ సింపుల్ కంటే కింద నడుస్తుంది. కొత్త ధరకి బరువు ఎక్కువ కాబట్టి. 200 రోజుల ఈఎంఏలో ఇవాళ్టి ధరకి 201లో 2 వంతులు, అంటే దాదాపు ఒక శాతం బరువు. సింపుల్‌లో ప్రతి రోజుకీ సరిగ్గా అర శాతం.

ఇక చవక సంగతి. ఈ సగటులో ఉన్నదంతా పాత ధరలే, బ్యాంకు గురించి ఒక్క ముక్క లేదు. గీత ఎలా కదులుతుందో ఒకసారి చేత్తో లెక్క వేసి చూడండి, సగం భ్రమలు పోతాయి. రేపటి సగటు కావాలంటే 200 ధరలూ మళ్ళీ కూడక్కర్లేదు. రేపటి ధరలోంచి జాబితా మొదట్లో రాలిపోయే ధరని తీసేసి, 200తో భాగించి, ఇవాళ్టి సగటుకి కలపడమే.

మీ షేరు 200 రోజుల కిందట 810 దగ్గర ఉందనుకుందాం. 640 లోంచి 810 తీస్తే మైనస్ 170. 200తో భాగిస్తే మైనస్ 0.85. అంటే గీత రోజుకి 85 పైసలు దిగుతోంది. ధర 640 దగ్గరే కదలకుండా కూర్చుందనుకోండి, రాలిపోయే పాత ధరలు సగటున 800 ఉంటే రోజుకి 80 పైసల చొప్పున 60 ట్రేడింగ్ రోజుల్లో గీత 48 రూపాయలు దిగి 704కి వస్తుంది. అప్పుడు మీ షేరు సగటుకి 9 శాతమే కింద. షేరు ఒక్క రూపాయి పెరగలేదు, అయినా 'కోలుకుంటోంది' అని ఎవరో ఒకరు రాసేస్తారు.

అంచేత దూరం ఒక్కటే చూడకండి. గీత ఏ వాలున ఉంది, ఎన్నాళ్ళుగా ధర దాని కింద ఉంది, ఈ రెండూ పక్కన రాసుకోండి. పైకి వాలుతున్న గీతకి 15 శాతం కింద ఉండటం ఒక విషయం, కిందికి వాలుతున్న గీతకి 15 శాతం కింద ఉండటం పూర్తిగా వేరు. మీది రెండో రకం. 50 సగటు కూడా 200 కింద ఉందంటే పతనం నిన్నా మొన్నా మొదలైంది కాదు.

గాజువాక బి షిఫ్ట్ | 10:21

గురూ, ఏటంటే, రోజువారీ చార్టు అందరికీ కుదరదు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కి రాత్రి పదికి దిగేవాడికి మూడున్నర క్లోజ్‌తో పనేటి? వారం చార్టులో 40 వారాల సగటు పెట్టండి, ఇంచుమించు అదే గీత. సెలవులున్న వారాల వల్ల కొద్దిగా తేడా వస్తుంది, పట్టించుకోవక్కర్లేదు. నెల చార్టయితే 10 నెలలు.

లాభం ఏటంటే, వారం మధ్యలో గీతని దాటి శుక్రవారానికి మళ్ళీ వెనక్కి వచ్చే దొంగ దాట్లు కనపడవు. వరసగా రెండు శుక్రవారాలు గీత అవతల క్లోజైతేనే దాటినట్టు లెక్క. నష్టం కూడా ఉంది: నిజంగా దాటినప్పుడు వారం పదిరోజులు ఆలస్యంగా తెలుస్తుంది. రెండూ కావాలంటే కుదరదు.

దొంగ దాట్లకి ఖర్చు కూడా చూడండి. లక్ష రూపాయల డెలివరీ కొని అమ్మితే ఎస్‌టీటీ (షేరు లావాదేవీ పన్ను) కొన్నప్పుడు వంద, అమ్మినప్పుడు వంద, మొత్తం రెండొందలు. కొన్నప్పుడు స్టాంప్ డ్యూటీ 15. డీపీ ఛార్జీ (డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు తీసినప్పుడు పడేది), బ్రోకరేజ్ వేరే. ఏడాదిలోపు లాభం తీస్తే 2024 జులై 23 నుంచి 20 శాతం పన్ను. ఏడాది దాటితే 1.25 లక్షల లాభం దాకా ఏమీ లేదు, ఆపైన 12.5 శాతం. గీత దాటిన ప్రతిసారీ లోపలికీ బయటికీ తిరిగేవాడు ఆ 20 శాతం గదిలోంచి ఎప్పటికీ బయటపడడు.

దొండపర్తి డేటా | 11:05

షీటు చేసుకునేవాళ్ళు డేటాలో పడే గోతులు చెప్తాను. ఎక్స్ఛేంజ్ సైటు నుంచి దించుకునే రోజువారీ ఫైళ్ళలో ధర ఆ రోజు ఎలా నడిచిందో అలాగే ఉంటుంది. తర్వాత బోనస్ (ఉచిత అదనపు షేర్లు) వచ్చినా స్ప్లిట్ (ఒక షేరుని ముక్కలు చేయడం) వచ్చినా పాత వరసలు సర్దరు. యాప్ చార్టు సర్దుతుంది.

హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2025 ఆగస్టులో ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది, ధర రాత్రికి రాత్రి సగమైంది. ఇలాంటి షేరులో సర్దని డేటా వాడితే ఏమవుతుందో గుండ్రటి అంకెల్లో చూడండి. బోనస్‌కి ముందు 150 రోజులు 1,900, తర్వాత 50 రోజులు 960 అనుకుంటే, సర్దకుండా వేసిన సగటు 1,665. షేరు సగటుకి 42 శాతం కింద ఉన్నట్టు కనిపిస్తుంది, 'ఇంత చవకా' అని గుండె ఆగుతుంది. పాత 150 వరసల్నీ రెండుతో భాగించి మళ్ళీ వేయండి: 952.50. షేరు నిజానికి సగటు పైన ఉంది!

ఎస్‌బీఐ 2014 నవంబరులో పది రూపాయల ముఖ విలువని రూపాయికి విడగొట్టింది. ఐసీఐసీఐ అదే ఏడాది డిసెంబరులో పది రూపాయల ముఖ విలువని రెండు రూపాయలు చేసింది, 2017లో పదికి ఒకటి బోనస్ ఇచ్చింది. పదిహేనేళ్ళ చార్టు చేత్తో కట్టేవాళ్ళు ఇవన్నీ వెనక్కి సర్దుకుంటూ పోవాలి.

ఇంకో రెండు చిన్నవి. దీపావళి ముహూర్తం ట్రేడింగ్ గంటసేపే అయినా ఒక వరసే. చేత్తో సెలవులు తీసేసేవాళ్ళు దాన్ని కూడా లేపేస్తారు, అప్పటి నుంచి మీ 200 రోజుల కిటికీ ఒక రోజు జరిగి ఉంటుంది. రెండోది, క్లోజ్ ధరా చివరి ట్రేడ్ ధరా ఒకటి కావు. ఇన్నేళ్ళూ ఎన్‌ఎస్‌ఈ క్లోజ్ అంటే ఆఖరి అరగంట ట్రేడ్‌ల వాల్యూమ్ సగటు. ఫైల్లో రెండు కాలమ్‌లూ పక్కపక్కనే ఉంటాయి, కళ్ళు తెరిచి తీసుకోవాలి.

ఈఎంఏ చేత్తో వేసేవాళ్ళకి: ఏడాది డేటాతో 200 ఈఎంఏ వేయకండి. మొదటి విలువగా మీరు ఏది పెట్టారో దాని ప్రభావం 200 రోజుల తర్వాత కూడా 13 శాతం పైన మిగిలి ఉంటుంది. 600 వరసలు దాటితే పావు శాతానికి వస్తుంది. అంటే కనీసం రెండున్నరేళ్ళ డేటా.

జగదాంబ జంక్షన్ | 11:48

ఇంత లెక్క వేసి చివరికి ఏం పట్టుకుంటారు? బ్యాంకు షేరుకి దెబ్బ తగిలేది సాయంత్రం ప్రకటనతో, మర్నాడు పొద్దున్న గ్యాప్‌తో, అంటే ధర ఒక్కసారిగా కిందికి దూకి తెరుచుకోవడంతో. 2024 జనవరి 16 సాయంత్రం హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు ఫలితాలు, 17న ఒక్కరోజే 8 శాతం పైగా పతనం. గీత దగ్గర స్టాప్‌లాస్ (ఆ ధరకి పడితే అమ్మేయమనే ఆర్డర్) పెట్టుకున్నవాడికి దొరికింది గీత ధర కాదు, గ్యాప్ కింద ధర.

పైకి కూడా అంతే. 2017 అక్టోబరు 24న ప్రభుత్వ బ్యాంకులకి 2.11 లక్షల కోట్ల మూలధనం అని ప్రకటించారు. మర్నాడు ఎస్‌బీఐ 27 శాతం, పీఎన్‌బీ 46 శాతం ఎగిరాయి. ముందు రోజు గీత కింద ఉన్న ఎస్‌బీఐ మర్నాడు గీత పైన ఉంది. అది చూసి ఎక్కినవాళ్ళ సంగతేంటి? 2018 మార్చికి షేరు మళ్ళీ 250 దగ్గర.

లాసన్స్‌బే లెక్కలు | 12:15

మీరు చెప్పిన రెండూ నిజమే. గీత స్టాప్‌లాస్‌కి పనికిరాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ప్రతి దెబ్బా నిరభ్ర ఆకాశంలోంచి పడదు. ఇండస్‌ఇండ్ డెరివేటివ్ లెక్కల్లో తేడా ఉందని 2025 మార్చి 10న చెప్పింది, 11న షేరు 27 శాతం పడింది. ఆ రోజుకి ఆ షేరు 200 సగటు కింద నెలల తరబడి ఉంది. 2024 అక్టోబరు 25న ఫలితాలకే 18-19 శాతం పడి ఉంది. డెరివేటివ్ తేడా గురించి గీతకి తెలుసని అనను. 'ఈ బ్యాంకులో ఏదో బాగోలేదు, కాగితాలు తిరగెయ్యి' అని మాత్రం నాలుగు నెలలు చెప్తూనే ఉంది.

యెస్ బ్యాంకు ఇంకా మంచి పాఠం. 2018 ఆగస్టులో 400 తాకిన షేరు సెప్టెంబరు 21న ఒక్కరోజే దాదాపు 29 శాతం పడి 200 సగటుకి చాలా కిందికి పోయింది. 2019 ఏప్రిల్‌కి మళ్ళీ గీత దగ్గరికి వచ్చింది. పైన నేను చెప్పిన పనే ఇక్కడా జరిగింది: ధర కొంత పెరిగింది, గీత కొంత దిగింది, ఇద్దరూ మధ్యలో కలిశారు. ఆ నెలాఖర్లో 1,500 కోట్ల పైచిలుకు త్రైమాసిక నష్టం, 30న మళ్ళీ 29 శాతం పతనం. 2020 మార్చి 5న మారటోరియం, అంటే డబ్బు తీసుకోవడం మీద ఆంక్ష. 2018 సెప్టెంబరు నుంచి దాదాపు ఏడాదిన్నర టైమ్ ఉంది గురూ, చదివేవాడికి.

రిటైర్డ్ క్రెడిట్ డెస్క్ | మధ్యాహ్నం 2:30

మీ చార్టుల్లో సింపుల్ సగటుని ఎస్‌ఎంఏ అంటుంటే మాలాంటివాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది బాబూ. బ్యాంకులో ఎస్‌ఎంఏ అంటే స్పెషల్ మెన్షన్ అకౌంట్. వాయిదా తప్పి 30 రోజుల్లోపు ఎస్‌ఎంఏ-0, 31 నుంచి 60 దాకా ఎస్‌ఎంఏ-1, 61 నుంచి 90 దాకా ఎస్‌ఎంఏ-2. 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి. చార్టులోని ఎస్‌ఎంఏ కంటే ఈ ఎస్‌ఎంఏ-2 ముందు కదులుతుంది. కొన్ని బ్యాంకులు ఫలితాల ప్రెజెంటేషన్‌లో వేస్తాయి, వేస్తే మొదట ఆ పేజీ తెరవండి.

గీత విరిగిందని కాగితాలు తీసినప్పుడు గ్రాస్ ఎన్‌పీఏ శాతం చూసి సంతోషపడకండి. ఎలా మోసం చేస్తుందో చెప్తాను. క్వార్టర్ మొదట్లో గ్రాస్ ఎన్‌పీఏ 6,000 కోట్లు. కొత్తగా చెడినవి, అంటే స్లిపేజీ, 1,800. వసూళ్ళు 600. రైటాఫ్, అంటే ఖాతాల్లోంచి కొట్టేసినవి, 1,700. చివరికి 5,500. శీర్షికలో 'మొండి బకాయిలు తగ్గాయి' అని వస్తుంది. కానీ 2.4 లక్షల కోట్ల అప్పుల మీద క్వార్టర్‌కి 1,800 అంటే ఏడాదికి 3 శాతం చొప్పున కొత్త చెడు. షేరు గీత కింద ఎందుకుందో అక్కడ దొరుకుతుంది. 2024-25లో మైక్రోఫైనాన్స్ అప్పులు ఎక్కువున్న బ్యాంకుల్లో ఇదే కథ నడిచింది.

స్లిపేజీ మామూలుగా ఉండి గీత మాత్రం దిగుతుంటే మార్జిన్ (అప్పుల మీద వచ్చే వడ్డీకీ డిపాజిట్లకిచ్చే వడ్డీకీ తేడా) చూడండి. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో (ఆర్‌బీఐ బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) 6.50 నుంచి 5.50కి వచ్చింది. రెపోకి ముడిపెట్టిన ఇంటి అప్పుల వడ్డీ మూణ్ణెల్లలోపు తగ్గిపోతుంది, మూడేళ్ళ డిపాజిట్ వడ్డీ గడువు తీరేదాకా తగ్గదు. మధ్యలో నలిగేది మార్జిన్. ఇది కాలంతో సర్దుకునే నొప్పి. స్లిపేజీ అలా సర్దుకోదు. రెండింటికీ గీత ఒకేలా వంగుతుంది, తేడా దానికి తెలీదు.

మర్రిపాలెం మదుపు | సాయంత్రం 4:02

మరి బుక్ వేల్యూతో ఈ సగటుని ఎలా కలపాలి? ఇవాళ్టి ధర మీద పీబీ (ధరని బుక్ వేల్యూతో భాగిస్తే వచ్చేది) 1.33. అది చవకలాగే ఉంది.

లాసన్స్‌బే లెక్కలు | 4:35

ఇవాళ్టి ధరని కాకుండా 200 సగటుని బుక్‌తో భాగించండి. రోజువారీ గాలికి ఊగని పీబీ వస్తుంది. ఇప్పుడు 752ని 480తో భాగిస్తే 1.57. ఏడాది కిందట 200 సగటు ఎంతో షీటులో ఉంటుంది, చెప్పండి.

మర్రిపాలెం మదుపు | 4:41

800.

లాసన్స్‌బే లెక్కలు | 4:58

800ని 430తో భాగిస్తే 1.86. బుక్ దాదాపు 12 శాతం పెరిగింది, మార్కెట్ ఇచ్చే గుణకం మాత్రం 1.86 నుంచి 1.57కి, ఇవాళ్టి ధర మీద 1.33కి వచ్చింది. అంటే లాభాలు కూడబెడుతున్నా నమ్మకం తగ్గుతోంది. ఎందుకు తగ్గుతోందన్నదే మీ అసలు ప్రశ్న.

గుణకం దేని మీద ఆధారపడుతుందో ఒక మోటు లెక్క. ఈక్విటీ మీద రాబడిలోంచి (ఆర్‌ఓఈ, అంటే వాటాదారుల సొమ్ము మీద లాభ శాతం) దీర్ఘకాల వృద్ధిని తీసి, మీరు ఆశించే రాబడిలోంచి కూడా అదే వృద్ధిని తీసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. వృద్ధి 8, మీ ఆశ 13 అనుకుంటే, ఆర్‌ఓఈ 16 ఉన్న బ్యాంకుకి 8ని 5తో భాగించి 1.6. అదే బ్యాంకు 14కి దిగితే 6ని 5తో భాగించి 1.2. రెండు పాయింట్ల ఆర్‌ఓఈకి పావు వంతు విలువ ఎగిరిపోయింది. సగటుకి 15 శాతం కింద ఉంటే చవకా అన్నారు కదా, ఆర్‌ఓఈ 16 దగ్గరే నిలబడితే చవక. 14కి జారుతుంటే 1.33 కూడా ఖరీదే.

రిటైర్డ్ క్రెడిట్ డెస్క్ | 5:20

బుక్ వేల్యూలోంచి నెట్ ఎన్‌పీఏ (ప్రొవిజన్లు పోగా మిగిలిన మొండి బకాయి) తీసేసి వాడండి. నికర విలువ 50,000 కోట్లు, షేర్లు 500 కోట్లు అయితే బుక్ 100. నెట్ ఎన్‌పీఏ 5,000 కోట్లు ఉంటే సర్దిన బుక్ 90. ధర 135 అయితే పీబీ 1.35 కాదు, 1.5. భవనాల రీవాల్యుయేషన్ రిజర్వు కలిసి ఉంటే అదీ తీసేయండి.

గాజువాక బి షిఫ్ట్ | 5:44

ఇంకొకటి. మొత్తం బ్యాంకులన్నీ పడుతున్నాయా, ఈ ఒక్కటేనా? 2020 మార్చి 23న నిఫ్టీయే 13 శాతం పడింది, అప్పుడు ఏ బ్యాంకు గీత పైన ఉంది? షేరు ధరని బ్యాంక్ నిఫ్టీతో (బ్యాంకు షేర్ల సూచీ) భాగించి ఆ నిష్పత్తికి 40 వారాల సగటు వేయండి. షేరు గీత కింద ఉండి నిష్పత్తి మాత్రం తన సగటు పైన ఉంటే రోగం బ్యాంకుది కాదు, ఊరిది. రెండూ కింద ఉంటే క్రెడిట్ డెస్క్ మేష్టారు చెప్పిన స్లిపేజీ పేజీకి పదండి.

ఆరిలోవ 2020 | రాత్రి 8:10

పక్క ప్రశ్నకి మన్నించండి. ఆంధ్రా బ్యాంకు షేర్లు యూనియన్ బ్యాంకుగా మారినవాళ్ళు ఏ చార్టు సగటు చూడాలి? పాత చార్టుకి అతికించొచ్చా?

దొండపర్తి డేటా | 8:33

అతికించకండి. 2020 ఏప్రిల్ 1న విలీనం, వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకి 325 యూనియన్ షేర్లు. ఆంధ్రా బ్యాంకు ధరల చరిత్ర అక్కడితో సరి. సగటు చూడాల్సింది యూనియన్ బ్యాంకు చార్టులోనే, విలీనానికి ముందు నుంచీ ఉన్నది అదే.

అతికించాల్సింది మీ కొనుగోలు ధర ఒక్కటే. వెయ్యి షేర్లు 60 చొప్పున కొంటే పెట్టుబడి 60,000, దాన్ని 325తో భాగిస్తే యూనియన్ షేరు మీకు పడింది 184.62. ఆ ధర ఎప్పుడొస్తుందా అని చూడటానికీ 200 సగటుకీ ఏ సంబంధమూ లేదు. మీరెంతకి కొన్నారో చార్టుకి తెలీదు.

జగదాంబ జంక్షన్ | 8:50

విలీనాలంటే గుర్తొచ్చింది. లక్ష్మీ విలాస్ బ్యాంకు 2020 నవంబరు 27న డీబీఎస్‌లో కలిసింది, వాటాదారుల మూలధనం పూర్తిగా రద్దు. వెయ్యికి 325 కాదు, వెయ్యికి సున్నా. సగటుకి ఎన్ని శాతాలు కింద ఉంటే చవక అనే వాళ్ళు ఆ చార్టు ఒకసారి చూడండి, చివరి రోజుల్లో కూడా సగటుకి కిందే 'చవక'.

మర్రిపాలెం మదుపు | ఆదివారం ఉదయం 7:55

యాప్‌లో సెట్టింగ్ చూశాను, ఈఎంఏయే. సింపుల్‌కి మార్చితే 750.64 వచ్చింది. నాది 752. ఇంకా 1.36 తేడా ఉంది. స్ప్లిట్, బోనస్ ఏవీ లేవు. వరసలు సరిగ్గా 200, ముహూర్తం రోజు కూడా ఉంది.

స్లిపేజీ కూడా తీశాను. నాలుగు క్వార్టర్లకి వరసగా 1.6, 1.9, 2.4, 2.7 శాతం. బ్యాంక్ నిఫ్టీతో నిష్పత్తి కూడా తన సగటు కిందే.

దొండపర్తి డేటా | 8:20

డివిడెండ్ ఎంత, ఎక్స్ డేట్ (ఆ రోజు నుంచి కొంటే ఆ డివిడెండ్ రాదు) ఎప్పుడు?

మర్రిపాలెం మదుపు | 8:24

16 రూపాయలు, జూన్‌లో.

దొండపర్తి డేటా | 8:41

యాప్‌లో 'డివిడెండ్లకు సర్దు' అనేది ఆన్‌లో ఉంది. ఎక్స్ డేట్‌కి ముందు ధరల్లోంచి అది దాదాపు 16 చొప్పున తగ్గించి చూపిస్తుంది. 1.36ని 200తో గుణిస్తే 272, దాన్ని 16తో భాగిస్తే 17. మీ షీటులో ఎక్స్ డేట్‌కి ముందున్న వరసలు లెక్కపెట్టండి, పదిహేడు ఉండాలి. ఇంకో పదిహేడు ట్రేడింగ్ రోజుల్లో అవి రాలిపోయి రెండు గీతలూ వాటంతటవే కలుస్తాయి.

మర్రిపాలెం మదుపు | 8:52

పదిహేడే ఉన్నాయి. కొనడం మాత్రం మార్చి క్వార్టర్ స్లిపేజీ చూశాకే.